ఎత్తేది వేరు, మోసేది వేరు

పోయిన మంగళవారం చిత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. బెల్లం మండీలో హమాలీ పని చేసే మనిషి. "మేడమ్, మా పెద్దాయన పోయినాడు. నిన్న పొద్దన్నే. అన్నీ అయిపాయ. ఏమన్నా అయితే మీకొక మాట సెప్పమని ఎప్పుడో సెప్పిపెట్టినాడు, అందుకని సేసినా" అన్నాడు. నేను "అట్లనా" అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు.

గురువారం తిరుపతిలో, రిటైరయ్యాక నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్లో పర్యాయపదాల క్లాసు. బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలు. బోర్డు మీద వరసగా రాశాను: క్యారీ, లిఫ్ట్, హాల్, డ్రాగ్, టగ్, లగ్, గ్రిప్, గ్రాస్ప్, క్లచ్. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి, "ఇన్నెందుకు మేడమ్? మోయడం, లాగడం, పట్టుకోవడం. మూడు గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది కదా" అంది. పరీక్షకి నిజంగానే సరిపోతుంది. నేను మార్కర్‌కి మూత పెట్టి, "ఈ రోజుకి చాలు, వెళ్ళండి" అన్నాను. ముందే వదిలేస్తే ఎందుకని అడిగే పిల్లలు ఎక్కడా ఉండరు.

ఆ మాటల్లో ఒకటీ ఇంకొకటీ ఒకటి కాదని నాకు నేర్పినాయనకి ఇంగ్లీషు అక్షరాలు రావు. తెలుగు కూడా కూడబలుక్కుని చదివేవాడు. పేరు రాయను. ఆ పేరున్న వాళ్ళు మండీలోనే ముగ్గురుండేవాళ్ళు, ముగ్గురూ మూటలు మోసేవాళ్ళే.

చిత్తూరులో జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు పని చేశాను. చివరి ఏడాది మండీ వీధిలో ఒక మేడ మీద అద్దెకున్నాను. ఒంటరిదాన్ని కనుక సామాను తక్కువ, ఒక్క ఇనప బీరువా తప్ప. సామాను తెచ్చిన ఆటోవాడు మెట్ల ఇరుకు చూసి, బీరువాని వీధిలో దించేసి తన దారిన తను పోయాడు. ఇంటి ఓనరమ్మ ఎదురుగా ఉన్న మండీలోంచి ఇద్దర్ని పిలిపించింది. ఒకాయన పెద్ద వయసు, పొడుగు మనిషి. ఇంకొకడు ఆయన జతగాడు, ఇరవై ఏళ్ళు చిన్న. పెద్దాయన బీరువా చుట్టూ ఒకసారి తిరిగి, కొనబోయే ఎద్దుని చూసినట్టు దాని పక్కన అరచెయ్యి వేసి చూశాడు. తర్వాత ఇద్దరూ ఒక్క మాట లేకుండా దాన్ని పైకి తెచ్చేశారు. మలుపులో గోడకి తగులుతుందేమో అని నేను కింద నుంచి ఏదో కేక పెట్టాను. ఎవరూ పలకలేదు.

దించాక పెద్దాయన ముఖం తుడుచుకుని అప్పుడు నా వైపు తిరిగాడు. "బరువుండేటప్పుడు పలకను మేడమ్, తప్పుగా అనుకోవద్దండి. మీరు ఇంగ్లీషు సెప్తారంట గదా. ఎత్తేదాన్ని ఏమంటారు ఇంగ్లీషులో?"

"లిఫ్ట్."

"మోసేదాన్ని?"

"క్యారీ."

"అయితే ఎత్తేది వేరు, మోసేది వేరు అని వాళ్ళకీ తెలుసు" అన్నాడు. ఇంగ్లీషు వాళ్ళ మీద అప్పుడే కొంత గౌరవం కలిగినట్టుంది. జతగాడు నవ్వు దాచుకోలేక మెట్లు దిగిపోయాడు.

వారం తర్వాత ఒక సాయంత్రం, మండీలో వేలం పాటలు ముగిశాక, ఆయన ఒక్కడే వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చాడు, అయినా బెల్లం వాసన వదల్లేదు. ఆయన కూర్చున్న మెట్టు మీదికి తర్వాత చీమలు వచ్చేవి, వెళ్ళిన అరగంట దాకా పోయేవి కావు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. పై నుంచి మూడో మెట్టు ఆయనది. నేను వాకిట్లో పీట మీద కూర్చునేదాన్ని. కాఫీ గ్లాసు మెట్టు మీద పెడితే ఎడం చేత్తో తీసుకునేవాడు. ఎడంచేతి వాటం అనుకున్నాను.

కాదని ఆ రోజే చెప్పాడు. "కుడిసేతిలో పట్టు పోతా ఉండాది మేడమ్. నొప్పి లేదు. సొక్కా గుండీ పెట్టుకోలేను. కొక్కెం పట్టుకోనుంటే, పట్టుకోనుండానో లేదో సూసి తెలుసుకోవాల." కొక్కెం అంటే మూటకి తగిలించి లాగే ఇనప కొంకి, హమాలీకి అదే ఆధారం. వేలూరులో ఒక నరాల డాక్టరమ్మ ఉందట, ఎక్కడో ఈశాన్యం నుంచి వచ్చిందట, ఆమెకి ఇంగ్లీషు తప్ప ఏదీ రాదట. ఆమెకి తన చేతి సంగతి తన నోటితోనే చెప్పాలి. అందుకు మాటలు కావాలి.

"నీకు అరవం బాగా వస్తుంది కదప్పా. అక్కడి నర్సుకి చెప్తే ఆమె చెప్తుంది కదా" అన్నాను.

"మా గుమాస్తా వాళ్ళ అన్న అట్లే సెప్పుకున్యాడు. ఆయన ఇంతసేపు సెప్పినదాన్ని నర్సు ఒక్క మాటలో సేతినొప్పి అనేసింది. పూసుకునేదానికి మందు రాసిచ్చినారు. నాది నొప్పి కాదు మేడమ్. పట్టు."

మండీలో ఎవరినైనా తోడు తీసుకుపోవచ్చు కదా అని అడగబోయాను. అడగక ముందే జవాబు చెప్పాడు. మండీలో తెలిస్తే మేస్త్రీ ఆయన్ని మూటల నుంచి తప్పిస్తాడు. గోతాలు కుట్టడానికో, చిమ్మడానికో పెడతాడు. కూలి తగ్గినా ఆయనకి బాధ లేదు. జత విడదీస్తారు, అదీ ఆయన భయం. పెళ్ళి చేసుకోలేదు. మండీ వెనక ఒక గదిలో ఉండేవాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన తల మీదికి మూట ఎత్తిందీ, తల మీద నుంచి దించిందీ ఆ జతగాడే. ఆదివారం అతని ఇంట్లోనే భోజనం. "జత మారితే వాడు ఇంగొకడి ముఖం సూసి పని సెయ్యాల. నాకు మాట్లాడేదానికి మనిషుండడు" అన్నాడు. ఏ మొహమాటమూ లేకుండా అన్నాడు ఆ మాట. నేను ఆ వీధికి వచ్చి అప్పటికి వారం. నాకూ మాట్లాడటానికి మనిషి లేదు. అయితే నేను ఆ సంగతి పైకి అనే మనిషిని కాదు.

అలా మొదలైంది. వారానికి రెండు మూడు సాయంత్రాలు వచ్చేవాడు. నేను మాట చెప్తే ఆయన రాసుకునేవాడు కాదు, చేసి చూసేవాడు. డ్రాగ్ అంటే నా గ్యాస్ సిలిండర్ని వంటింట్లోంచి వాకిట్లోకి ఈడ్చాడు. టగ్ అంటే తలుపు గడియకి తన తువ్వాలు కట్టి ఒక్క గుంజు గుంజాడు. నా గడియ ఊడి వచ్చింది. మరుసటి రోజు మేకులు తెచ్చి తనే బిగించాడు. లగ్ అనే మాట చెప్పి, బరువుగా ఉన్నదాన్ని కష్టపడి, ఇష్టం లేకుండా మోసుకుపోవడం అని వివరిస్తే చాలాసేపు తల ఊపాడు. "ఇష్టం లేకుండా మోసేదానికి కూడా మాట పెట్టుకున్యారు సూడు. మనకు లేదే."

పట్టుకోవడం దగ్గర మాత్రం నన్ను ఇరకాటంలో పెట్టాడు. గ్రిప్ అంటే గట్టిగా పట్టుకోవడం అన్నాను. గ్రాస్ప్ అన్నా అదే అన్నాను. క్లచ్ అంటే? అదీ అంతే.

"మూడిటికీ అదేనా?" అన్నాడు. "కొక్కేన్ని పట్టుకునేది, జారిపోతా ఉండే మూటని పట్టుకునేది, సంతలో నాయన సెయ్యి పట్టుకునేది, అన్నీ ఒకటేనా మేడమ్?"

ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, ముప్పై ఏళ్ళ దగ్గర పాఠం చెప్పినదాన్ని, లేచి లోపలికి వెళ్ళి పెద్ద నిఘంటువు తెచ్చుకున్నాను. అందులో ఉన్నది నేను చదవడం, ఆయన చేత్తో చేసి సరే అనడమో కాదనడమో. చివరికి ఆయనే తీర్పు చెప్పాడు. కొక్కేన్ని పట్టుకునేది గ్రిప్. అందులో పట్టు ఉంటుంది గానీ భయం ఉండదు. జారే మూటని పట్టుకునేది క్లచ్. నాయన చెయ్యి పట్టుకునేది హోల్డ్. "దానికి బలంతో పని లేదు గదా" అన్నాడు. ఆ రాత్రి నాకు సిగ్గూ సంతోషమూ రెండూ కలిగాయి. ఇన్నేళ్ళూ నేను పిల్లలకి చెప్పింది మాటల పక్కన మాటలే.

ఉగాది దగ్గర పడుతుంటే ఆయన తీరు మారింది. కాఫీ తాగడం మర్చిపోయేవాడు. కారణం అడిగితే మండీలో పట్టు చూసే రోజు వస్తోందని చెప్పాడు. ఉగాది మర్నాడు మేస్త్రీ ఏడాదికి జతలు వేస్తాడు. తన ముంజెయ్యి చాపుతాడు, ఒక్కొక్క హమాలీ దాన్ని కుడి చేత్తో పట్టుకుని నొక్కాలి. మేస్త్రీ చేతి వైపు చూడడు, మనిషి ముఖం వైపు చూస్తాడు. ముఖం మారితే ఆ మనిషి గోతాల్లోకి. అందుకని ప్రతివాడికీ తన ఉపాయం ఉంటుంది. ఈయన ఉపాయం నాకు చేసి చూపించాడు. మోచేతిని పక్కటెముకలకి అదిమిపెట్టి, మణికట్టుని ఒక వైపు మడిచి బిగించి, ఊపిరి పట్టి, వేళ్ళతో కాకుండా భుజంతో నొక్కడం. ముఖం మాత్రం వేరే ఎవరిదో అన్నట్టు ప్రశాంతంగా ఉంది. ఆ ఏడాది కూడా నెగ్గాడు. మూటల్లోనే ఉన్నాడు, అదే జతతో.

దాని తర్వాత వేలూరు ప్రయాణం పెట్టుకున్నాడు. డాక్టరమ్మకి చెప్పాల్సిన వాక్యాలు నాలుగు తయారు చేశాం. నేను మోయగలను. నేను పట్టుకోలేను. వస్తువులు నా చేతిలోంచి జారిపోతాయి. జారినట్టు నాకు తెలియదు. ఇంగ్లీషులో వాటిని తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. మెట్ల మీద కూర్చుని అప్పజెప్పేవాడు. ఐ క్యాన్ క్యారీ, ఐ కెనాట్ గ్రిప్. 'కెనాట్' దగ్గర గొంతు తగ్గించేవాడు. గట్టిగా చెప్పాలి, ఆమెకి వినబడాలి అని నేను మందలించేదాన్ని. నా విద్యార్థుల్లో ఇంత శ్రద్ధ ఉన్నవాడు లేడని గర్వపడ్డాను.

"ఏడుంబావు బస్సుకు పోతా మేడమ్" అన్నాడు వెళ్ళబోయే ముందు. మెట్లు దిగి మళ్ళీ పైకి చూసి, "ఏడుంబావు బస్సు" అన్నాడు. వీధిలోకి పోయాక కూడా ఒకసారి అన్నాడు. నాకు అర్థం కాలేదని ఇప్పుడు చెప్తే అది అబద్ధం. అర్థమైంది. మర్నాడు నాకు సెలవు కూడా. కానీ కాలేజీ మేడమ్ మండీ హమాలీతో కలిసి బస్సులో వేలూరు పోతే ఓనరమ్మ ఏమనుకుంటుంది, వీధిలో ఏమనుకుంటారు అని ఆలోచించాను. "జాగ్రత్తగా పోయి రాప్పా" అన్నాను. ఆ రోజంతా ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం నిద్ర కూడా పోయాను.

సాయంత్రం ఆయన గబగబా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో వేలూరు ముళ్ళ వంకాయల సంచి, నా కోసం. ముఖం వెలిగిపోతోంది.

"పాసయినాను మేడమ్" అన్నాడు.

డాక్టరమ్మ ఒక పరికరం చేతికిచ్చిందట. దానికి పిడి, పైన సూది. హోల్డ్ ఇట్, యాజ్ టైట్ యాజ్ యు క్యాన్ అందట. "టైట్ అనింది. నాకు బాగా అర్థమయింది మేడమ్, మీ పుణ్యాన. నర్సు సెప్పక ముందే సేసేసినా." మోచెయ్యి పక్కటెముకలకి అదిమి, మణికట్టు మడిచి, ఊపిరి పట్టి నొక్కాడు. సూది ఎక్కింది. డాక్టరమ్మ వెరీ గుడ్ అంది. అప్పుడు వాక్యాలు గుర్తొచ్చి చెప్పాడు. ఐ కెనాట్ గ్రిప్ అంటే ఆమె సూది చూపించి నవ్వి, యు క్యాన్ అందట. బలానికి మాత్రలు రాసి, తగ్గకపోతే నెలకి రమ్మందట. ఆమె తప్పేమీ లేదు. ఎదురుగా ఉన్న మనిషి తనని మేస్త్రీ అనుకుంటున్నాడని ఆమెకెలా తెలుస్తుంది?

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అది నా జీవితంలో నేను నవ్విన వాటిలోకెల్లా చెడ్డ నవ్వు. వంకాయలు గుత్తి కూర చేసుకుని తిన్నాను, బాగున్నాయి.

మర్నాడు కాలేజీలో పాఠం మధ్యలో నాకు తట్టింది, ఆయన అక్కడ ఓడిపోవడానికి కదా వెళ్ళింది అని. సాయంత్రం నేరుగా మండీలోకి పోయాను. ఆ మండీలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. తువ్వాలుని చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద మూటతో లారీ వైపు నడుస్తున్నాడు. పిలిస్తే పలకడని తెలుసు. దించే దాకా నిలబడ్డాను. జతగాడు దూరంగా ఉన్నప్పుడు చెప్పాను, మళ్ళీ వెళ్దాం, ఈసారి నేనూ వస్తాను అని.

"మళ్ళా పోయి ఏమని సెప్పాల మేడమ్? అమ్మా, నిన్ను మోసం సేసినాను అనల్నా?" అన్నాడు. తువ్వాలు దులిపి, "సూది ఎక్కింది గదా. సూది నా ముఖం సూడలేదు గదా. నిజంగానే రవంత బాగైందేమో" అన్నాడు. ఆ మాట ఆయన నమ్మాడో, నమ్మాలనుకున్నాడో నాకు తెలీదు. నేను ఇంకా గట్టిగా చెప్పి ఉండాలి. చుట్టూ గుమాస్తాలు చూస్తున్నారు. వచ్చేశాను. జూన్‌లో నాకు తిరుపతికి బదిలీ అయింది. బీరువాని దించిందీ వాళ్ళిద్దరే. దించేటప్పుడు ఆయన కింది వైపు నిలబడి, బరువంతా భుజానికి తీసుకున్నాడు.

మిగతాది జతగాడు మధ్యమధ్యలో ఫోన్ చేసి చెప్పగా తెలిసింది; పోయిన మంగళవారం ఫోన్ చేసిందీ అతనే. తర్వాతి ఏడాది ఒక మూట ఆయన చేతిలోంచి జారి, జతగాడి భుజాన్ని రాసుకుంటూ కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సాయంత్రమే కొక్కెం తీసుకుపోయి మేస్త్రీ ముందు పెట్టి, జతగాడికి కూడా చెప్పకుండా కాణిపాకం దగ్గర అక్క ఊరికి వెళ్ళిపోయాడు. ఆర్నెల్లకి కాళ్ళలో కూడా పట్టు పోయింది. జతగాడే వెతుక్కుంటూ వెళ్ళి తిరుపతి ఆసుపత్రిలో చూపించాడు. మెడలో ఎముకలు నరాన్ని నలిపేశాయని, ముందే వచ్చి ఉంటే దారి ఉండేదని అన్నారట. ఆ ముందు అనేది ఏ రోజో అక్కడ ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

ఒక్కసారే వెళ్ళాను చూడటానికి, పోయిన చలికాలంలో. వాళ్ళ అక్క పొద్దున్నే కాణిపాకం గుడి దగ్గరికి టెంకాయలు అమ్మడానికి పోతే మళ్ళీ రావడం సాయంత్రమే. అంతసేపూ ఆయన ఆ ముందర గదిలో మంచం మీద ఒక్కడే. తలుపు తీసే ఉంచి పోతుంది, ఎవరైనా తొంగి చూస్తారని. నేను కూర్చున్న మూడు గంటల్లో ఎవరూ తొంగి చూడలేదు. ఒక కోడి మాత్రం వచ్చి పోయింది.

చాలాసేపు మండీ సంగతులే అడిగాడు, నాకేమో మండీ సంగతులు తెలీవు. తెలిసినంత చెప్పాను. జతగాడికి ఇప్పుడు ఎవరు ఎత్తుతున్నారని అడిగితే అదీ తెలీదన్నాను. "ఎవురో ఒకరు ఎత్తుతారులే. దించేటోడు బాగుండాల" అన్నాడు. తర్వాత, "మేడమ్, ఒకసారి సెయ్యి ఇట్లియ్యండి" అన్నాడు.

అన్ని సాయంత్రాల్లో ఒక్కసారి కూడా ఆయన వేలు నాకు తగల్లేదు. పుస్తకమైనా గ్లాసైనా మెట్టు మీద పెడితే ఆ తర్వాత తీసుకునేవాడు. ఆయన కుడి అరచెయ్యి దుప్పటి మీద తెరిచి ఉంది. అందులో నా చెయ్యి పెట్టి, పైన రెండో చెయ్యి వేశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మెడ మీద నరాలు లేచాయి.

"పట్టుకోనుండానా?"

ఒక్క వేలు కూడా కదల్లేదు. "పట్టుకునే ఉన్నావప్పా. గట్టిగా ఉంది" అన్నాను.

కళ్ళు తెరిచి నన్ను చూశాడు. కోపం లేదు. "మేస్త్రీని మోసం సేసినోన్ని నేను, డాక్టరమ్మని మోసం సేసినోన్ని. మీకు సేత కాదు మేడమ్, ముఖం మారిపాయ. పట్టుకోనుండేది నేను కాదు, మీరు."

నేను సిగ్గుపడి చేతులు తీసుకోబోయాను.

"ఇడవాకండి" అన్నాడు. "రవంతసేపు."

వాళ్ళ అక్క వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆమె ఖాళీ గంపతో గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి, గంప దించి లోపలికి పోయింది. ఎవరేమనుకుంటారో అని ఆ రోజు నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు. ఆ ఏడుంబావు బస్సు రోజు తోచకుండా ఉంటే ఆయన ఇంకా మండీలో ఉండేవాడేమో.